మాల తీసిన మర్నాడు కూడా ఆసనం మడవొద్దు

సంపాదకులు గారికి నమస్కారాలు.

జూన్ 21 యోగా దినం, డిసెంబర్ 21 ప్రపంచ ధ్యాన దినం. మొదటిది 2015 నుంచి జరుగుతోంది, రెండోదాన్ని ఐక్యరాజ్యసమితి 2024లో ప్రకటించింది. ఆ రెండు రోజులూ జిల్లా పేజీల నిండా వరుసలుగా కూర్చుని కళ్లు మూసుకున్న జనం ఫొటోలు వస్తాయి. మర్నాడు అదే మనిషి తన ఇంట్లో ఒక్కడే ఎక్కడ కూర్చోవాలి, ఎంతసేపు కూర్చోవాలి, మోకాలు గుంజితే ఏం చేయాలి, నిద్ర ముంచుకొస్తే ఏం చేయాలి అన్నది మాత్రం ఎక్కడా కనిపించదు. ఆ లోటు కొంతైనా తీరాలని ఈ ఉత్తరం రాస్తున్నాం. పొడవెక్కువైతే మా అభిప్రాయాలు కోసేయండి, కూర్చునే పద్ధతి మాత్రం ఉంచండి.

మన వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు ధ్యానానికి కావలసిన సగం శిక్షణ జనానికి ఇప్పటికే ఉంది. కార్తీకం వస్తే అయ్యప్ప మాల, హనుమాన్ జయంతికి ముందు కొండగట్టు అంజన్న మాల. మండల దీక్ష అంటే 41 రోజులు. తెల్లారకముందే చన్నీళ్ల స్నానం, నేల మీద చాప, ఒంటిపూట భిక్ష, రెండు పూటలా పూజ. కొత్తవాళ్ల చేత ఇంత కట్టుబాటు చేయించగల ధ్యాన శిబిరం ఎక్కడా ఉండదు. అయినా మాల తీసిన మర్నాడు చాలామంది అలారం ఆపేసి అటు తిరిగి పడుకుంటారు. వాళ్లకు భక్తి తగ్గి కాదు. ఆ 41 రోజుల్లో పూజ నేర్చుకున్నారు, భజన నేర్చుకున్నారు, శరణుఘోష నేర్చుకున్నారు. అవన్నీ నలుగురితో కలిసి చేసేవి. భజన అయ్యాక దీపం ముందు కదలకుండా ఒక్కడే పది నిమిషాలు కూర్చోవడం ఎవరూ చెప్పలేదు. మాలతో పాటు గుంపు పోతుంది, గుంపుతో పాటు సాధన పోతుంది. ఆ పది నిమిషాలు కూడా నేర్పి ఉంటే అవి మాల తీసినా మిగిలేవి.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. కొత్తగా కూర్చున్నవాళ్లు వారం తిరక్కుండానే "నాకు ధ్యానం కుదరట్లేదు, ఆలోచనలు ఆగట్లేదు" అంటారు. మొదట్లో మనం చేసేది ధ్యానం కానే కాదు. పతంజలి చెప్పిన ఎనిమిది అంగాల్లో ధారణ ఆరోది, ధ్యానం ఏడోది. మనసును తెచ్చి ఒకచోట పెట్టడం ధారణ. పెట్టినచోటే అది తెగకుండా నూనెధారలా సాగితే ధ్యానం. పెట్టడం మన పని, సాగడం దాని ఫలం. నాటు వేసిన నాడే పొలం ఈనలేదని ఏ రైతూ దిగులుపడడు.

దీనికి సరిపోయే మంచి మాట మన దగ్గరే ఉంది, సోయి, అంటే ఎరుక. దేవుడి నామం అనుకుంటూ అనుకుంటూ ఉండగానే మనసు కరెంటు బిల్లు మీదికి, కూతురి పెళ్లి మీదికి, నిన్న పక్కింటామె అన్న మాట మీదికి పోతుంది. కొంతసేపటికి "అరే, ఎటో పోయిన" అని సోయి వస్తుంది. ఆ సోయి వచ్చిన క్షణమే సాధన. అక్కడ తిట్టుకోకుండా, పోయిన ఆలోచన వెనక పడి విచారణ చేయకుండా, మెల్లగా మళ్లీ నామం దగ్గరికి రావాలి. పది నిమిషాల్లో 20 సార్లు పోయి 20 సార్లు వస్తే 20 సార్లు సాధన జరిగినట్టే. ఒక్కసారీ పోలేదనుకున్న రోజే అనుమానించాలి, బహుశా కునుకు పట్టి ఉంటుంది.

ఇక ఆసనం. దీని దగ్గరే సగం మంది ఆగిపోతారు కాబట్టి వివరంగా చెప్పాలి. గీత ఆరో అధ్యాయంలో ఆసనం మరీ ఎత్తుగానూ, మరీ పల్లంగానూ ఉండకూడదని, దర్భ, జింకచర్మం, వస్త్రం పరుచుకోవాలని ఉంది. జింకచర్మం దగ్గర పెట్టుకోవడం ఇప్పుడు నేరం. అవసరమూ లేదు, మన గొంగడి ఉంది. కింద చాప, దాని మీద గొంగడి నాలుగు మడతలు, పైన ఉతికిన ధోవతి లేదా తువ్వాలు. గొంగడి గుచ్చుకోకుండా ఆ బట్ట. అయితే ఇంతటితో సరిపోదు. పిరుదుల కింద మాత్రమే ఇంకో మూడు నాలుగు అంగుళాల ఎత్తు కావాలి. గట్టిగా మడిచిన బొంత చాలు. మెత్తని దిండు పనికిరాదు, అయిదు నిమిషాల్లో అణిగిపోయి ఒక పక్కకు ఒరుగుతుంది. ఆ ఎత్తుకు ముందు అంచున కూర్చుని, కాళ్లు కిందికి చాప మీదికి దించి సక్లంముక్లం (బాసింపట్టు) పెట్టుకోవాలి.

ఎత్తు ఎందుకంటే, మోకాళ్లు తుంటి కన్నా పైకి ఉంటే నడుము వెనక్కి వాలుతుంది, వీపు విల్లులా వంగుతుంది. వంగిన వీపును కండరాల బలంతో నిలబెట్టాల్సి వస్తుంది, అందుకే పది నిమిషాలకే నడుం నొప్పి. తుంటి పైన, మోకాళ్లు కింద ఉంటే వెన్ను దానంతట అదే నిలుస్తుంది. మోకాలు నేలకు ఆనకపోతే దాని కింద మడిచిన తువ్వాలు పెట్టాలి, గాల్లో వేలాడనివ్వకూడదు. పద్మాసనం జోలికి పోవద్దు. చిన్నప్పటి నుంచి అలవాటు లేనివాళ్లు ఫొటోలు చూసి బలవంతంగా కాలు మీదికి కాలు లాగితే తిరగాల్సింది తుంటి కీలు, అది తిరగక మోకాలు మెలిపడుతుంది.

కాలు తిమ్మిరెక్కడం వేరు, మోకాలు పోటెత్తడం వేరు. తిమ్మిరి కాలి నరం నొక్కుకుపోవడం వల్ల వస్తుంది, కాలు సవరించుకుంటే పోతుంది, భయం లేదు. కాకపోతే తిమ్మిరెక్కిన కాలితో వెంటనే లేస్తే మడమ మడతపడి పడిపోతారు. కాళ్లు చాపి రెండు నిమిషాలు ఆగి లేవాలి. మోకాలి లోపల సూది గుచ్చినట్టు పోటు వస్తే మాత్రం ఓర్చుకోవడం తపస్సు అనుకోవద్దు, ఆ రోజు నుంచే కుర్చీ.

బీడీలు చుట్టే అమ్మలు రోజంతా చాట ఒడిలో పెట్టుకుని నేల మీదే కూర్చుంటారు. వాళ్లను మళ్లీ నేల మీదే కూర్చోమనడం అన్యాయం. సాంచెల (మరమగ్గాల) దగ్గర రోజంతా నిలబడే సిరిసిల్ల కార్మికుడి కాళ్లకూ, బాయిలో దిగి వచ్చిన సింగరేణి కార్మికుడి నడుముకూ అదే మాట. కుర్చీలో కూర్చుంటే ఫలం తగ్గదు. అయితే మన ఇళ్లలో ఉండే ప్లాస్టిక్ కుర్చీ సీటు వెనక్కి వాలుగా ఉంటుంది. దాంట్లో జారగిలబడితే నిద్ర ఖాయం. వెనక భాగంలో మడిచిన తువ్వాలు పెట్టి వాలు సరిచేసి, వీపు ఆనకుండా ముందు సగంలో కూర్చోవాలి. పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి. ఆనకపోతే కింద పీట వేసుకోవాలి. రాతినేల చల్లగా ఉంటే పాదాల కింద గోనెపట్టా.

చేతులు ఒళ్లో ఒకదాని మీద ఒకటి పెట్టుకున్నా, మోకాళ్ల మీద పెట్టుకున్నా ఒకటే. ముద్ర గురించి మథనపడొద్దు. గడ్డం కొద్దిగా లోపలికి, పళ్లు బిగపట్టకుండా, నాలుక వదులుగా. భుజాలు చెవుల దాకా ఎక్కి ఉంటాయి, చాలామందికి తెలియదు. ఒకసారి కావాలని పైకి ఎత్తి కిందికి వదిలేస్తే తెలుస్తుంది.

ఏ వేళ అన్నదానికి శాస్త్రం చెప్పేది బ్రాహ్మీ ముహూర్తం, సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉంటుంది. మన దగ్గర జూన్ మొదట్లో అయిదూ నలభై ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది, జనవరిలో ఆరూ ముప్పావు దాకా పొడవదు. అంటే బ్రాహ్మీ ముహూర్తం ఎండాకాలం నాలుగింటికి, చలికాలం అయిదు దాటాక. రాత్రి పదకొండుకు పడుకుని నాలుగింటికి లేచి కూర్చుంటే చేసేది ధ్యానం కాదు, కూర్చున్న నిద్ర. ముందు పడుకునే వేళ మారాలి. మారకపోతే ఆరింటికి కూర్చోండి, ఏ దేవుడూ కోపగించుకోడు. నైట్ షిఫ్టు చేసేవాళ్లు డ్యూటీ దిగి వచ్చి కూర్చోవద్దు. తిని పడుకుని, లేచి ముఖం కడుక్కున్నాక కూర్చోవాలి. వాళ్లకు అదే పొద్దు. పిల్లల డబ్బాలు కట్టి బడికి పంపే తల్లికి తెల్లారుజాము ఎక్కడిది? అందరూ వెళ్లాక పదింటికి, లేదా సాయంత్రం దీపం పెట్టే ముందు ఆమెకు తగిన వేళ. నెలసరి రోజుల్లో, మైల రోజుల్లో దేవుడి గదిలోకి వెళ్లని ఇళ్లలో కూడా మనసులో నామం తలుచుకోవడానికి అడ్డు లేదు. ఆసనం ఇంకో గదిలో వేసుకుంటే 41 రోజుల లెక్క తెగదు. వేళ ఏదైనా రోజూ అదే వేళ, అదే చోటు. వారం పది రోజులకు ఆ మూలకు వెళ్లగానే ఒళ్లు దానంతట అదే నిమ్మళిస్తుంది.

భోజనమైతే మూడు గంటలు, టిఫినైతే గంటన్నర ఎడం ఉండాలి. మరీ ఆకలిగా ఉన్నా కూర్చోలేరు, కడుపు మీదే ధ్యాస ఉంటుంది. ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లు తాగి, మూత్రానికి వెళ్లి వచ్చి, కాళ్లూ చేతులూ ముఖం కడుక్కోవాలి. చాయ తర్వాత. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, పది నిమిషాలకు మెత్తని గంట మోగేలా పెట్టి, చేతికి అందనంత దూరంలో బోర్లించాలి. పక్కనే ఉంటే టైమెంతైందోనని ప్రతి రెండు నిమిషాలకూ కన్ను తెరుచుకుంటుంది. అగరొత్తి వెలిగించేవాళ్లు కిటికీ దగ్గర పెట్టండి. తలుపులు మూసిన చిన్న గదిలో పొగకు దగ్గు వస్తే అది సాధనకు విఘ్నమే. దోమలుంటే దోమతెరలో కూర్చోవచ్చు. చలికాలం శాలువా తప్పదు, కదలకుండా కూర్చున్న ఒళ్లు తొందరగా చల్లబడుతుంది. మే నెల వడగాడ్పుల రోజుల్లో కూలర్ ఆపక్కర్లేదు, గాలి నేరుగా ముఖానికి తగలకుండా తిప్పుకుంటే చాలు. ఒకే తీరుగా మోగే దాని హోరు వీధి చప్పుళ్లను కప్పేస్తుంది కూడా.

ఇప్పుడు ఆ పది నిమిషాలు. దీపం వెలిగించి ఇష్టదైవానికి నమస్కరించి ఒక్క ముక్కలో సంకల్పం చెప్పుకోండి, "ఈ పది నిమిషాలు నీవి" అన్నా చాలు. తర్వాత నుదురు, దవడ, భుజాలు, పొట్ట వరుసగా తలుచుకుంటూ వదులు చేయాలి. పొట్ట లోపలికి బిగపట్టే అలవాటు చాలామందికి ఉంటుంది, దాన్ని వదిలేస్తేనే శ్వాస కిందిదాకా దిగుతుంది. ఆ తర్వాత ఆరు పెద్ద శ్వాసలు. నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు వదలాలి. ఆరింటికీ కలిపి నిమిషం పడుతుంది. వదిలేది పొడవుగా ఉంటే గుండె దడ, తొందర తగ్గుతాయి. మధ్యలో ఊపిరి బిగబట్టడం వద్దు. కుంభకం గురువు పక్కనుండి నేర్పాల్సిన విద్య, బీపీ ఉన్నవాళ్లు, గుండె జబ్బువాళ్లు, గర్భిణులు అసలే చేయకూడదు. ఈ ఆరు శ్వాసలయ్యాక శ్వాసను దాని దారిన వదిలేసి నామం మొదలుపెట్టాలి.

నామం ఏది? ఇంట్లో తాత ముత్తాతల నుంచి వస్తున్నది, కష్టమొచ్చినప్పుడు నోట్లోంచి అప్రయత్నంగా వచ్చేది. వేములవాడ రాజన్న భక్తులకు ఓం నమశ్శివాయ, అంజన్న భక్తులకు శ్రీరామ, మాల వేసినవాళ్లకు స్వామియే శరణమయ్యప్ప, అమ్మవారిని కొలిచేవాళ్లకు శ్రీమాత్రే నమః. గురూపదేశం ఉన్నవాళ్లు ఆ మంత్రం వదలకూడదు. వీడియోల్లో విని బీజాక్షర మంత్రాలు పట్టుకోవద్దు. వాటికి ఉచ్చారణ, నియమం, చెప్పే మనిషి కావాలి. కాజీపేట దర్గాకు వెళ్లేవారైనా, చర్చికి వెళ్లేవారైనా తమ ప్రార్థనలోని ఒక చిన్న మాటతో ఇలాగే కూర్చోవచ్చు.

జపానికి మూడు మెట్లున్నాయి, కొత్తవాళ్లు నేరుగా మూడోదానికి ఎగబాకడం వల్లే కష్టపడతారు. మొదటి వారం వాచికం, అంటే పక్కవాళ్లకు వినిపించీ వినిపించనంత గొంతుతో. రెండో వారం ఉపాంశువు, పెదవులు కదులుతాయి, శబ్దం రాదు. మూడో వారం నుంచి మానసికం. నోరు పనిలో ఉన్నప్పుడు మనసు జారితే నోరు తడబడి వెంటనే సోయి వస్తుంది. మానసికంలో ఆ కాపలా ఉండదు, ఎప్పుడు జారిందో తెలియదు. మానసికంలో కుదరని రోజు సిగ్గుపడకుండా ఒక మెట్టు దిగి పెదవులతో చేసుకోవాలి.

జపమాలలో 108 పూసలు, పైన మేరువు అనే కొస పూస. మధ్యవేలి మీద పెట్టి బొటనవేలితో ఒక్కో పూస లాగాలి, చూపుడువేలు తగలనివ్వరు. మేరువు దగ్గరికి వచ్చాక దాన్ని దాటకుండా మాల వెనక్కి తిప్పుకోవాలి. మాల లేకపోతే వేళ్ల కణుపులు చాలు. నాలుగు వేళ్లకు మూడేసి చొప్పున 12, తొమ్మిది చుట్లు తిరిగితే 108. నిదానంగా ఒక్కో ఓం నమశ్శివాయకు నాలుగు సెకన్లు వేసుకుంటే మాలకు ఏడు నిమిషాలు పడుతుంది. అంటే ఆరంభంలోని నమస్కారం, శ్వాసలు, చివరి మౌనం కలుపుకుని పది నిమిషాలకు ఒక మాల సరిగ్గా సరిపోతుంది. మీ మాల మూడు నిమిషాల్లో అయిపోతోందంటే లెక్క పూర్తి చేసే తొందరలో ఉన్నారన్నమాట. లక్ష నామాలు రాసేవాళ్లలోనూ ఈ తొందర కనిపిస్తుంది, చేయి రాస్తుంటుంది, కన్ను టీవీ మీద ఉంటుంది. ఒక్క మాల, కానీ ప్రతి పూసకూ మనిషి అక్కడ ఉండాలి.

నామం మీద మనసు లేనివాళ్లకు శ్వాస ఉంది. వదిలిన ప్రతిసారీ ఒకటి, రెండు అని పది దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటికి రావాలి. లెక్క తప్పితే ఒకటి. "పద్నాలుగు" అంటూ దొరికిపోయినా ఒకటే. ఇందులో వచ్చే చిక్కు ఏమిటంటే శ్వాసను చూడమంటే చాలామంది శ్వాసను నడపడం మొదలుపెడతారు, కాసేపటికి ఆయాసం, ఛాతీ బిగువు. అలాంటప్పుడు ముక్కు దగ్గర కాకుండా పొట్ట లేచి దిగడం మీద ధ్యాస పెట్టాలి. అప్పటికీ తగ్గకపోతే ఈ పద్ధతి వదిలి నామానికి రావడం మేలు.

గంట మోగగానే దిగ్గున లేవొద్దు. ఒక నిమిషం ఏమీ అనుకోకుండా కూర్చోవాలి. నామం ఆగాక మిగిలే ఆ కాస్త నిశ్శబ్దం రుచి చూడకుండా లేచిపోయేవాళ్లే ఎక్కువ. తర్వాత ఒక నోటుబుక్కులో తేదీ, ఎన్ని నిమిషాలు, ఒక్క మాట, "నిద్ర", "కాలు", "బాగుంది", అంతే. పది రోజులు రాశాక తిరగేస్తే మీ విఘ్నం ఏమిటో మీకే తెలుస్తుంది. అయిదు చోట్ల "నిద్ర" అని ఉంటే అది ధ్యానంతో తీరేది కాదు, రాత్రి ఏడు గంటల నిద్రతో తీరేది. అప్పటికీ కునుకు పడితే కళ్లు సగం తెరిచి మూడడుగుల దూరంలో నేలను చూస్తూ చేయండి, గోడకు ఆనుకుని ఉంటే ముందుకు జరగండి, ఇంకా కాకపోతే లేచి నిలబడి చేయండి. పడుకుని మాత్రం వద్దు.

కనుబొమల మధ్య నొప్పి చాలామంది చెప్పే బాధ. ఎవరో ఆజ్ఞాచక్రం మీద దృష్టి పెట్టమన్నారని మూసిన రెప్పల కింద కళ్లను బలంగా పైకి తిప్పి పట్టుకుంటారు. ఆ నొప్పి చక్రం తెరుచుకోవడం కాదు, కంటి కండరాలు అలిసిపోవడం. ధ్యాసను గుండె మీదికి దించి, కళ్లు కిందికి చూస్తున్నట్టు వదిలేస్తే రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. దీపాన్ని చూస్తూ చేసే త్రాటకం కూడా అంతే జాగ్రత్తగా చేయాలి. దీపం కంటి ఎత్తులో, రెండు మూడు అడుగుల దూరంలో ఉండాలి, ఫ్యాన్ ఆపాలి, రెండు నిమిషాలకు మించొద్దు. ఫిట్స్, పార్శ్వపు నొప్పి, నీటికాసులు (గ్లకోమా) ఉన్నవాళ్లు ఆ జోలికి పోకూడదు.

వెలుగులు కనిపించడం, ఒంటి మీద చీమలు పాకినట్టుండటం, ఒళ్లు ఊగడం, ఉన్నట్టుండి కళ్లలో నీళ్లు తిరగడం, ఇవన్నీ కొత్తల్లో కొందరికి వస్తాయి. సగం మెలకువ సగం నిద్రలో రంగులు, రూపాలు కనపడటం సహజం. బిగిసిన కండరాలు వదులయ్యేటప్పుడు ఒళ్లు అదురుతుంది. పతంజలి చెప్పిన తొమ్మిది విఘ్నాల్లో భ్రాంతిదర్శనం ఏడోది, విఘ్నాలతో పాటు వచ్చేవాటిలో ఒళ్లు వణకడాన్నీ చెప్పాడు. అంటే ఇవి సిద్ధులు కావు, జబ్బులూ కావు. భయపడొద్దు, మళ్లీ రావాలని ఎదురుచూడొద్దు, పదిమందికి చెప్పుకోవద్దు. చెప్పుకున్న మర్నాటి నుంచి మనిషి నామం వదిలి వెలుగు కోసం వెతుకుతాడు.

ఇంకో విఘ్నం ఇంటివాళ్లకే తెలుస్తుంది. కొత్తగా ధ్యానం మొదలుపెట్టిన మనిషి గిన్నె చప్పుడైనా పిల్లలు నవ్వినా కసురుకుంటాడు. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టుకుని తిరగాల్సి వస్తే ఆ ధ్యానం ఎవరికి? ఫలానా వేళ పది నిమిషాలు పిలవొద్దని ముందే చెప్పి, ఆ తర్వాత వచ్చే చప్పుడును చప్పుడుగా విని నామానికి తిరిగి రావడమే అభ్యాసం.

ఆరోగ్యం విషయంలో గట్టిగా చెప్పాలి. ధ్యానం మొదలుపెట్టామని బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలు ఎవరి మాట మీదా ఆపొద్దు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు పరగడుపున ఎక్కువసేపు కూర్చోవద్దు. మానసిక జబ్బుకు మందులు వాడుతున్నవాళ్లు, ఈమధ్యే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు, ఊరికే బుగులు పుట్టి గుండె దడదడలాడేవాళ్లు మొదటే పది రోజుల మౌన శిబిరాలకు వెళ్లొద్దు, డాక్టరుకు చెప్పి అయిదు నిమిషాల వాచిక జపంతో మొదలుపెట్టాలి. కూర్చున్న కొద్దీ భయం పెరుగుతున్నా, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తున్నా, రాత్రిళ్లు నిద్ర పూర్తిగా పోయినా సాధన ఆపేసి పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుణ్ని కలవాలి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ సేవలో ఉచితంగా మాట్లాడతారు. ఇది "పూనకం" అని దాచిపెట్టి కాలం వృథా చేస్తే మనిషి నష్టపోతాడు.

ఏ సంస్థకు వెళ్లాలని అడిగేవాళ్లు చాలామంది. విపశ్యనలో పది రోజుల మౌనం, మొదటి మూడు రోజులు శ్వాస మీదే, ఆ తర్వాత ఒంటి మీది స్పర్శల మీద. బ్రహ్మకుమారీలు కళ్లు తెరిచి చేస్తారు. పిరమిడ్ ధ్యానులు శ్వాస మీద ధ్యాస అంటారు. హార్ట్‌ఫుల్‌నెస్ వాళ్లు హృదయంలో వెలుగును భావించమంటారు. ఒకచోట కళ్లు మూయమని, ఇంకోచోట తెరవమని చెబితే కొత్తవాడు తికమకపడతాడు. ఏదీ తప్పు కాదు, తప్పు ఎక్కడుందంటే సోమవారం ఒకటి, గురువారం ఇంకొకటి చేయడంలో. ఏ పద్ధతైనా 41 రోజులు ఇచ్చి చూడకుండా మార్చొద్దు. అయితే డబ్బు కట్టిన కొద్దీ పై మెట్లు చూపిస్తామన్నా, మందులు మానేయమన్నా, ఇంటివాళ్లకు చెప్పొద్దన్నా అక్కడి నుంచి లేచి వచ్చేయాలి.

గుడిలో కూర్చోవచ్చా? తప్పకుండా. 1163లో కట్టిన వేయిస్తంభాల గుడి మంటపంలోనో, 1213 నాటి రామప్పలోనో జనం లేని పొద్దున పూట పదినిమిషాలు కూర్చుంటే ఇంట్లో గంటకు రాని నిమ్మళం వస్తుంది. రాతినేల ఒంటి వేడిని గుంజేస్తుంది, మడిచిన గొంగడి వెంట తీసుకెళ్లండి. శరన్నవరాత్రుల్లో భద్రకాళి గుడిలో, శివరాత్రికి వేములవాడలో, జాతరప్పుడు మేడారంలో మాత్రం కూర్చునే ప్రయత్నం వద్దు. అక్కడ నామం అనుకుంటూ అడుగు అడుగుగా నడవడమే ధ్యానం. అడుగుకో నామం, క్యూ ఆగితే నామం ఆగదు.

కొత్తవాళ్లకు 41 రోజుల లెక్క ఇది. మొదటి పది రోజులు పది నిమిషాలు. తర్వాతి పది రోజులు పన్నెండు. ఆ తర్వాతి పది రోజులు పదిహేను. చివరి పదకొండు రోజులు పొద్దున పదిహేను, సాయంత్రం అయిదు. ఉత్సాహం వచ్చిన రోజున గంట కూర్చోవద్దు, మర్నాడు ఒళ్లు ఎదురు తిరుగుతుంది. ఒక రోజు తప్పితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, చివర్లో ఒక రోజు కలపండి. వరుసగా రెండు రోజులు మానకుండా చూసుకోండి, ఎక్కువమంది దగ్గర సాధన తెగేది అక్కడే. పన్నెండో రోజు నుంచి ఇరవయ్యో రోజు మధ్య విసుగు వస్తుంది. కొత్త పోయి ఉంటుంది, ఫలం ఇంకా కనపడదు. ఆ తొమ్మిది రోజులు నిమిషాలు పెంచకపోయినా సరే, ఆసనం మీద కూర్చుని మాల తిప్పితే చాలు.

గురుస్వాములకు ఒక విన్నపం. ఈసారి సన్నిధానంలో సాయంత్రం భజన, హారతి అయ్యాక, ప్రసాదం పంచే ముందు మైకు ఆపి పది నిమిషాలు స్వాములందరినీ కదలకుండా కూర్చోబెట్టండి. మొదటి వారం అయిదు నిమిషాలైనా చాలు. మాల విరమణ చేయించేటప్పుడు ఇరుముడి బట్టతో పాటు ఆ ఆసనం కూడా ఇంటికి పంపండి, మర్నాడు పొద్దున దేవుడి మూల దగ్గర పరచమని చెప్పండి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం ఉంది, సంపాదకులు గారూ. కార్తీక మాసం మొదలయ్యే రోజు నుంచి జిల్లా పేజీలో ఓ మూల నాలుగు వాక్యాల చోటు ఇవ్వండి. మొదటి రోజు ఆసనం, రెండో రోజు శ్వాస, మూడో రోజు నామం, ఇలా 41 రోజులకు 41 ముక్కలు. ఫొటో అక్కర్లేదు. రాసిచ్చే బాధ్యత మాది.

ఇట్లు
కొందరు సాధకులు,
హన్మకొండ